పాత పీపా, క్రొత్త కాగు

అమెరికాలో మద్యశాలలకు బీరు మోసికొనిపోవు ఉక్కుపీపాకు మూత యుండదు. నెత్తిమీద పిడికిలి దూరునంతటి కంఠమొకటి, ఆ కంఠమును బిగించిన కవాటమొకటి, అందుండి అడుగుదాక దిగిన సన్నని గొట్టమొకటి, ఎత్తుటకును దొర్లించుటకును అనువుగా పైనను క్రిందను గట్టి అంచులు, ఇంతియే దాని నిర్మాణము. గాలిగాని, వెలుతురుగాని, మనుష్యుని చేయిగాని లోపల చొరరాదని యెంచి చేసిన యా పాత్రను, చేసినవారి యుద్దేశమునకు సరిగా విరుద్ధముగా, నెత్తి గుండ్రముగా కోసి, ప్రక్కను కుళాయి యమర్చి, పొయ్యిమీద కెక్కించి, అందులోనే మరల బీరు కాచుకొనుట అచ్చటి గృహస్థులు పలువురు సెలవుదినములందు సలుపు వ్యాసంగము. ఉత్తర కాలిఫోర్నియాలో స్థిరపడిన పిమ్మట నేనును దానికి లోబడితిని.

ఈ వారము వ్రాయబూనినది బీరును గూర్చి కాదు, ఆ కాగును గూర్చి. మన తెలుగు రాష్ట్రములు రెండింటను అనుమతిలేక ఇంట మద్యము చేయుట నేరము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరుగబడిన నాటి సంగతి యెరిగిన కుటుంబములలో, ఆ జిల్లాకు చెందిన మా కుటుంబమువంటి వానిలో, ఈ విషయము తేలికగా పలుకదగినదియు కాదు. అయినను ఆ కాగును సిద్ధపరచుటలో చేతిపని యందు ఆసక్తి గలవారెవరైనను గమనింపదగిన విశేషమొకటి యున్నది. పాత ఉక్కుతో పనిచేయువాడు దానిని కోయుటకును అతుకుటకును పూనుకొనకముందు పరీక్షకుడు కావలెను. క్రొత్తరేకు కొన్నవానికి అంగడివాడు చెప్పు సంగతులన్నియు పాతపీపా తెచ్చుకొన్నవాడు ఆ పీపావలననే తెలిసికొనవలసి యుండును. ఇది యెవరిది, ఇంతకుముందు ఏమి మోసినది, ఏ లోహముతో చేసినది అను మూడు ప్రశ్నలకు సమాధానము దొరకినచో సగముపని యైనట్లే. దొరకనిచో ఎంత నేర్పుతో కోసినను ఆ పని నిలువదు.

పాత ఉక్కుతో ఈ పని అచ్చట ఎట్లు మొదలయ్యెనన, అమెరికాలో 1933లో మద్యనిషేధము తొలగినప్పుడు ఇంట ద్రాక్షమద్యము చేసికొనుటకు అవకాశము కలిగెను గాని బీరునకు కలుగలేదు. ఆ లోపమును తీర్చిన శాసనముపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరు 14న సంతకము చేయగా, అది 1979 ఫిబ్రవరి 1 నుండి అమలునకు వచ్చెను. వయోజనుడొక్కడే యున్న ఇంటికి ఏటికి 100 గ్యాలన్లు, ఇద్దరుగాని అంతకు మించిగాని యున్న ఇంటికి 200 గ్యాలన్లు పన్నులేక చేసికొనవచ్చును, అమ్మరాదు. సారా దించుటకు ఆ అనుమతి వర్తింపదు. అనుమతి వచ్చినది గాని చిన్నకొలతలో పాత్రలు చేసి యమ్మువారు లేకుండిరి. దేశమంతటను బీరు కర్మాగారములు నూటికి లోబడి యుండగా, వానికి కావలసిన సామగ్రి యంతయు భారీ ప్రమాణములదే. అందుచేత చిన్నగా చేయదలచినవారు పాత ఇనుపసామాను దొరకు చోటులకును, మూతపడిన పాలడెయిరీలకును పోయిరి. నౌకాదళమున పనిచేయుచు స్కాట్లండులో నున్నప్పుడు అచ్చటి బీరు రుచి మరిగిన జాక్ మెక్ఆలిఫ్, ఆ శాసనమునకు మునుపే 1976లో సొనోమాలో న్యూ ఆల్బియన్ అను చిన్న బ్రూవరీ నెలకొల్పి, డెయిరీల పాతసామగ్రితోను, కోకాకోలా పాకము మోసిన 55 గ్యాలన్ల ఉక్కు డ్రమ్ములతోను దానిని నడపెను. 1982లో అది మూతపడినది. చికో పట్టణమున ఇంట బీరు చేసికొనువారికి దినుసులమ్ము దుకాణము నడిపిన కెన్ గ్రాస్‌మన్ వెల్డింగు నేర్చి, డెయిరీ తొట్లు సేకరించి, పాల్ కముసీతో కూడి సియెర్రా నెవాడా బ్రూవరీని కట్టి, 1980 నవంబరులో తొలి బీరు కాచెను. అదియో నేటికిని వర్ధిల్లుచున్నది.

డెయిరీ తొట్టియే యేల యన, పాలు నిలువచేయు పాత్రకును బీరు పులియబెట్టు పాత్రకును కావలసిన గుణములు ఒక్కటియే. లోపలిగోడ నునుపుగా నుండవలెను. మురికి దాగు మూలలుండరాదు. కడిగిన నీరు బొట్టు మిగులక జారిపోవలెను. చుట్టును చలువనీరు పారుటకు రెండవపొర యున్నచో మరింత మేలు. ఆ తొట్లను చూచి అందులో బీరు పాత్రను పోల్చుకొనగలిగిన కన్ను ఆ మొదటివారి మూలధనము. పాతది వాడుట వారికి పొదుపని చెప్పుటకంటె, వేరు గతి లేకుండెనని చెప్పుట న్యాయము.

మూడు ప్రశ్నలలో మొదటిదానిని మా యింట అడిగినది మా అమ్మ. కొంతకాలము మాయొద్ద నుండుటకు నెల్లూరునుండి వచ్చినప్పుడు, గ్యారేజీలో నిలువబెట్టిన పీపాచుట్టును ఒకసారి తిరిగి, గోటితో తట్టి చూచి, “గంగాళం బాగుందిరా, పెళ్ళికి సాంబారు కాచచ్చు. ఎవరిదిది? దీనిమీద పేరుందే!” అన్నది. మన యిండ్లలో స్టీలుగిన్నె కొన్నప్పుడే దుకాణములో పేరు చెక్కించుట ఆచారము. పేరంటమునకో పెండ్లికో పొరుగింటికి పోయిన గిన్నె ఆ అక్షరముల బలమున తిరిగి వచ్చును. పీపా అంచుమీద అచ్చువేసిన బ్రూవరీ పేరును అట్టిదే. “కొన్నదేనమ్మా, రసీదుంది. పాడైందని వాళ్ళే అమ్మేశారు” అంటిని. “అయితే సరే. రసీదు పారెయ్యకు” అని లోపలికి పోయినది.

ఈ విషయమున అచ్చటి పలువురకు గల భ్రమ యేమనగా, అంగడిలో నిండు పీపా తెచ్చుకొన్నప్పుడు కట్టిన డిపాజిట్టు దాని వెలయే యని. డిపాజిట్టు వెలకాదు, పీపా బ్రూవరీ సొత్తు, తిరిగి యీయనివాడు దానిని ఉంచుకొన్నవాడే గాని కొన్నవాడు కాడు. సొట్టపడియో కంఠము చెడియో సేవకు పనికిరానిదై, యజమానియే విడిచిపెట్టిన పీపాను అడిగి కొనవలెను.

రెండవ ప్రశ్న ప్రాణమునకు సంబంధించినది. పెద్దపీపాలో 15.5 గ్యాలన్లు, అనగా ఇంచుమించు 59 లీటర్లు పట్టును. బీరు ఖాళీయైనను లోపల బొగ్గుపులుసు వాయువు పీడనముతో మిగిలియుండును. కవాటము నొక్కి వాయువును పూర్తిగా వెడలించి, కంఠమునందలి బిగింపుచుట్టను ఊడదీసి, నిలువుగొట్టమును పైకి లాగివైచిన పిమ్మటగాని కోతయంత్రము చేతబట్టరాదు. శీతలపానీయముల పాకము మోసిన 5 గ్యాలన్ల సన్నని డబ్బాల సంగతి వేరు. పాకమును అట్టపెట్టెలలోని సంచులలో నింపి పంపు పద్ధతి వచ్చినప్పుడు ఆ డబ్బాలు వేలకొలది అక్కరమాలినవై, ఇంట బీరు చేయువారికి అగ్గువగా దొరికినవి. వానికి కోతయు అతుకును అక్కరలేదు. రబ్బరుచుట్లు అయిదింటిని మార్చవలెను. ఉక్కు కడిగినంతనే పూర్వవాసనను విడుచును, రబ్బరు విడువదు. సుగంధపు వేళ్ళ పానీయము మోసిన డబ్బాలో పాతచుట్లను మార్చక బీరు పోసినచో ప్రతిగ్లాసునందును ఆ పరిమళమే. ఇక ఏమి మోసినదో ఎవరును చెప్పజాలని డ్రమ్మును ఎంత మెరసినను ముట్టరాదు.

మూడవ ప్రశ్న లోహమును గూర్చినది, పనివాని నేర్పుకు పరీక్షయు ఇక్కడనే. 1913లో ఇంగ్లండునందలి షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును పోతపోసెను. వంటపాత్రలకును పీపాలకును నేడు సాధారణముగా వాడునది నూటికి 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు కలిసిన రకము. తుప్పును అడ్డునది క్రోమియము గాలితో కలిసి పైన తనంతట కట్టుకొను పొర. అది కొన్ని నానోమీటర్ల మందము మాత్రమే, గీచినను మరల కట్టుకొనును. అయస్కాంతము అంటుకొన్నచో అది చవుకరకము కావచ్చును. అంటుకొననంత మాత్రమున మేలిరకమని తేలదు, ఏలయన నికెలు తగ్గించి మాంగనీసు కలిపిన రకములును అంటుకొనవు. వంగినచోట, సాగినచోట మేలిరకమును కొంచెము అంటును. కనుక అయస్కాంతము సాక్షియే గాని న్యాయాధిపతి కాదు.

కుళాయికై రంధ్రము చేయునప్పుడు ఈ లోహము స్వభావము తెలియును. అర అంగుళపు గొట్టము పట్టునట్లు మెట్లుమెట్లుగా పెరుగు బరమాను అమర్చి, నూనె ధారాళముగా పోసి, వేగము తగ్గించి, బరువంతయు దానిపై మోపవలెను. అప్పుడు లోహము చుట్టలు చుట్టుకొనుచు పొడుగాటి తీగలుగా లేచివచ్చును. బరమా వేగముగా తిరిగి, పై పైన రాచుకొన్నచో తీగలు ఆగి, కీచుమను ధ్వని పుట్టి, ఆ చోటు నీలివర్ణము దాల్చి, రాపిడికి ఇంకను గట్టిపడి, తరువాత ఏ మొనకును లొంగదు. మెత్తని ఇనుముతో పనిచేసినవానికి వేగము గుణము. ఇక్కడ అదే దోషము.

అతుకునందును అట్టి నియమమే. కుళాయిగొట్టమును బయటినుండి వెల్డింగు చేయునప్పుడు లోపలిభాగమును ఆర్గాను వాయువుతో నింపకున్నచో, వేడియెక్కిన వెనుకప్రక్క గాలి తగిలి నల్లని గరుకుపెచ్చుగా మారును. బయట ఎంత అందముగా నున్నను లోపల ఆ పెచ్చుసందులలో సూక్ష్మజీవులు కాపురముండును. కాచు కాగులో గంటసేపు తెర్లు నీటికి అవి చచ్చును గనుక అపాయము తక్కువ. చల్లారిన రసము పులియు పాత్రలో నైనచో కాపు కాపంతయు చెడిపోవును. ఆర్గాను లేనివారు వెల్డింగు మాని, సిలికోను చుట్టలతో ఇరువైపుల మరలు బిగించు పద్ధతిని అవలంబింతురు. అది ఊడదీసి కడుగవచ్చును గనుక నాకు దానియందే మక్కువ. వేడికి రంగుమారిన చోటులను రుద్ది, మన వంటయింటి నిమ్మ ఉప్పును వేడినీట కరగించి దానితో తుడిచి కడిగినచో, అంటుకొన్న ఇనుపరేణువులు పోయి రక్షకపొర మరల కట్టుకొనును. ఇనుపపీచుతో తోమరాదు, ఆ రేణువులే తుప్పునకు మొలకలు. బ్లీచింగు నీళ్ళు నిలువయుంచరాదు, అందలి క్లోరైడు సూదిమొనంత గుంటలు తొలుచును.

ఇన్ని జాగ్రత్తలలో నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది మాత్రము వెల్డింగు కాదు, సింకు క్రింద కుళాయికి నీరు తెచ్చు అల్లికగొట్టము. దాని రెండు కొనలను కత్తిరించి, పైనున్న ఉక్కుతీగల అల్లికను రెండువైపులనుండి లోనికి నెట్టినచో అది వదులై ఉబ్బును. లోపలి రబ్బరుగొట్టమును అప్పుడు సులువుగా లాగివేయవచ్చును. మిగిలిన అల్లిక యొక్క ఒక కొనను మడిచి నొక్కి, రెండవకొనను కుళాయి లోపలిమొనకు తగిలించి అడుగున పరచి, మొలకెత్తించి ఎండబెట్టిన యవలరవ్వను దానిపై పోసి, ఇంచుమించు 66 డిగ్రీల వేడినీట గంటసేపు నానబెట్టవలెను. గింజలోని పిండి చక్కెరగా మారిన తరువాత కుళాయి విప్పినచో మొదట మడ్డి రసము వచ్చును. దానిని మెల్లగా మరల పైన పోయుచున్నకొలది పొట్టు అడుగున సర్దుకొని, రసము తేటపడును. అనగా వడపోయుచున్నది అల్లిక కాదు, ధాన్యపు పొట్టే. ఉక్కు చేయు పనియెల్ల ఆ పొట్టును పోనీయకుండుట. ఇక్కడను పరీక్ష తప్పదు, ఏలయన ఉక్కువలె మెరయు అల్లికలు కొన్ని ప్లాస్టిక్కువి.

నేడు పరిస్థితి మారినది. కుళాయియు, కొలతగీతలును, వేడిమానియు అమర్చిన క్రొత్తకాగులు అంగళ్ళలో చవుకగా దొరకుచున్నవి. కోతచక్రములు, బరమా, కుళాయి, వాయువు వెలలు కూడినచో పాతపీపా మిగిల్చు సొమ్ము స్వల్పము. పొదుపని చెప్పి ఈ పనిని సమర్థించుట ఇక చెల్లదు. పర్యావరణమని చెప్పుటయు అంత సులభము కాదు, క్రొత్త స్టెయిన్‌లెస్ స్టీలునందును కరగించిన పాతస్టీలు గణనీయముగా కలిసియే యుండును గదా! అయితే కొలిమిలో కరగినప్పుడు పేరును, వాసనయు, సొట్టయు, వానితోపాటు అడుగవలసిన ప్రశ్నలును కరగిపోవును. పీపాను పీపాగానే ఉంచి కాగు చేయువాడు ఆ ప్రశ్నలను తప్పించుకొనలేడు. ఒకసారి వానికి అలవాటుపడిన పిమ్మట క్రొత్తపాత్రను కొనునప్పుడును లోపలి అతుకును వ్రేలితో తడిమి చూచును, అడుగు వాలును నీరుపోసి చూచును. నాకు ఈ వ్యాసంగమువలన కలిగిన లాభమిది. బీరు దాని తరువాతిది.

కావున బీరు మాత్రమే కోరువాడు, అతని దేశపు చట్టము అనుమతించినచో, అంగడికాగు కొనుట మేలు, అందులో చిన్నతన మేమియు లేదు. పని నేర్వదలచినవాడు అల్లికగొట్టముతో ఆరంభింపవలెను, దాని వెల స్వల్పము, చెడినను నష్టములేదు. పిదప మరలతో బిగించు కుళాయిని ఒక పాతగిన్నెకు అమర్చి చూడవలెను. రసీదుతో కొన్న పీపా, ముఖమునకు కవచము, చెవులకు రక్షణ, గాలి తీసిన కవాటము, ఇవన్నియు సమకూడిన తరువాత కడపట కోతయంత్రము చేతబట్టవలెను.