ముందు ఏది పెట్టాలె?

మక్తల్‌లో ఇంటర్ పాసైన పిల్ల డిగ్రీలో చేరాలంటే ముందు పూణేలో ఒక ఫోను మోగాలి. డిగ్రీ సీట్లు ఆన్‌లైన్‌లో ఇచ్చే దోస్త్‌లో పేరు నమోదు చేయాలంటే ఆధార్‌తో కలిపిన మొబైల్ నంబరు కావాలి. పిల్ల ఆధార్‌కు అప్పుడెప్పుడో నాయిన నంబరే ఇచ్చి ఉంటారు. ఆ సిమ్ము నాయిన జేబులో ఉంటుంది, నాయిన ఏ అపార్ట్‌మెంటు ఏడో అంతస్తులోనో సెంట్రింగ్ కొడుతుంటాడు. నెట్ సెంటర్‌లో కూర్చున్న పిల్ల ఫోను చేస్తుంది, ఎత్తడు. ఎత్తేసరికి ఓటీపీ గడువు దాటిపోతుంది. మళ్లీ పంపిస్తే వస్తుంది గానీ ఆయనకు ఇంగ్లిషు మెసేజి చదవరాదు, పక్కనున్న మేస్త్రీ చేతికిస్తాడు. మేస్త్రీ చదివిన అంకెల్లో ఒకటి కాంక్రీటు మిల్లర్ చప్పుడులో కలిసిపోతుంది.

పిల్లలు కాలేజీలకు దరఖాస్తు చేసే రోజుల్లో తల్లిదండ్రులు ఎట్లా అండగా ఉండాలో చెప్పే వ్యాసాలు ఏటా ఎండాకాలంలో వస్తుంటాయి. స్నేహంగా మాట్లాడండి, ఒత్తిడి పెట్టకండి, అభిరుచి తెలుసుకోండి అంటాయి. తప్పేం లేదు. కాకపోతే పాలమూరు, నల్లగొండల్లో అండగా ఉండటమంటే అన్నిటికన్నా ముందు ఫోనుకు చార్జింగ్ పెట్టుకుని, పనిలో కూడా చేతికందేటట్టు ఉంచుకోవడం. అది చేసిన నాయినను నేను తక్కువ తండ్రి అనలేను.

సర్కారు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైన వాణ్ని. ఫలితాలు వచ్చాయంటే ఇప్పటికీ మా ఇంటి అరుగు మీద పిల్లలు, వాళ్ల వెనక పెద్దలు కూర్చుంటారు. కవర్లలో కాగితాలు, కవర్ల మీద ఏ బట్టల దుకాణం పేరో. మా కాలంలో ఏది ఎంచుకోవాలన్న సమస్య లేదు. అప్పుడు కాలేజీలే కొన్ని, దగ్గర్లో ఏది ఉంటే అదే చదువు. నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల 1956లో వచ్చింది. సర్వేల్‌లో గురుకులం 1971లో, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. నల్లగొండకు విశ్వవిద్యాలయం రావడానికి 2007 దాకా, పాలమూరుకు 2008 దాకా ఆగాల్సి వచ్చింది. మహబూబ్‌నగర్‌లో మెడికల్ కాలేజీ 2016లో తెరిచారు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి, అన్నిటి పేర్లూ ఒక్క తెర మీద వరుసగా కనిపిస్తాయి. ఎంచుకోవడం అనే పని మా తల్లిదండ్రులకు పడలేదు, వీళ్లకు పడింది.

మొదటి పని కాగితాలది. అందులో పెద్ద చిక్కు పేరు. పదో తరగతి మెమో మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది, లేదా అసలే ఉండదు. పుట్టిన తేదీ ఒకదాంట్లో బడిలో సారు రాసింది, ఇంకోదాంట్లో అంగన్‌వాడీలో చెప్పింది. వీటిని దిద్దించాలంటే వారాలు పడతాయి. కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక మొదలుపెట్టేవాళ్లకు అన్ని వారాలుండవు. ఆదాయం కాగితం మీ సేవలో దరఖాస్తు పెడితే తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగి వస్తుంది. ఇంజినీరింగ్ సీట్లకు జరిగే ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌కు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి. వలస పోయిన ఇండ్లల్లో ఇక్కడే దారం తెగుతుంది. పిల్లవాడు ఆరు, ఏడు భివండిలోనో పూణేలోనో చదివి ఎనిమిదికి తిరిగొచ్చి ఉంటాడు. ఆ రెండేండ్ల కాగితం ఏదీ అని అడిగితే తల్లి నా మొహం చూస్తుంది. వాడు స్థానికుడా కాదా అన్నది కాగితం తేల్చాలి. వాడి తాత ముత్తాతలు ఈ చెలక దున్నినవాళ్లే, అది ఏ కాగితంలోనూ ఉండదు.

అందుకే పదో తరగతిలోనే కాగితాల సంచి సర్దుకోమంటాను. మెమో రాగానే ఆధార్‌తో పేరు పోల్చి చూడటం, పిల్ల ఆధార్‌కు ఇంట్లో ఉండే నంబరు కలిపించడం, ప్రతి కాగితం మూడు జిరాక్సులు తీయడం. ఇందులో చదువుకున్న తల్లిదండ్రులే చేయగలిగింది ఏమీ లేదు. సంతకం రాని అవ్వలు ఈ సంచిని లెక్చరర్ల కన్నా శుభ్రంగా సర్దడం చూశాను. రేషన్ కార్డు, పట్టా పాస్ పుస్తకం, సంఘం పుస్తకం ఇన్నేండ్లు కాపాడినవాళ్లకు ఇది కొత్త విద్య కాదు.

సంచి ఎవరి చేతికీ ఇవ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పాలి. ఇంటర్ ఫలితాలు రాకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు బండ్లేసుకుని తండాల్లోకి, ఊళ్లలోకి దిగుతారు. బస్సు ఉచితమంటారు, హాజరు లేకున్నా పర్వాలేదంటారు, "కాగితాలియ్యండి, అన్నీ మేమే చూసుకుంటం" అంటారు. వాళ్లు అన్నీ చూసుకుంటారు, నిజమే. పిల్ల తరఫున ఆప్షన్లు కూడా వాళ్లే పెడతారు, ఒక్కటే కాలేజీ పెడతారు. 2016లో దోస్త్ మొదలైనప్పటి నుంచి ఓటీపీలు, ఆధార్ తనిఖీలు ఇంతగా పెరిగింది ఎక్కువగా వీళ్ల పుణ్యమే. ఒరిజినల్ టీసీ ఒకసారి వాళ్ల బీరువాలోకి పోయిందంటే మనసు మార్చుకోవడానికి డబ్బు ఖర్చవుతుంది.

ఇగ ఆప్షన్లు. ఈ వారం రాయాలనుకున్నది అసలు దీని గురించే.

అరుగు మీద కూర్చున్న పెద్దలు అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "సారూ, ముందు ఏది పెట్టాలె? పెద్ద కాలేజీ ముందు పెడితే మావాడికి రాదు, వచ్చేది కూడా పోతది గదా?" అందుకని వచ్చేదాన్ని మొదట పెట్టిస్తారు. పిల్లవాడు మనసుపడ్డ కాలేజీ పదో నంబరులోకి దిగుతుంది, ఒక్కోసారి జాబితాలోంచే లేచిపోతుంది.

ఈ భయం పిచ్చిది కాదు. అడ్డా మీద నిలబడి ఎక్కువ కూలి అడిగినవాడికి ఆ పూట పని దొరకదు. బత్తాయి తోట గుత్తకిచ్చేటప్పుడు ఎక్కువ ధర చెప్పి బేరగాణ్ని పోగొట్టుకున్న రైతు ఏ ఊళ్లో అయినా ఉంటాడు. పెద్దది అడిగితే చిన్నది చేజారుతుందని జీవితం వాళ్లకు పదే పదే నేర్పింది. మన దగ్గరే అని కాదు, అమెరికాలో బోస్టన్ నగరంలో సర్కారు బళ్లలో పిల్లలను చేర్చుకునే పద్ధతి ఒకప్పుడు సరిగ్గా ఇట్లాగే ఉండేది. మొదట రాసిన బడిలో సీటు రాకపోతే రెండో బడిలో మీ వంతు వెనక్కిపోయేది, ఎందుకంటే దాన్ని మొదట రాసినవాళ్లు అప్పటికే నింపేసేవారు. తెలివిగల తల్లిదండ్రులు లెక్కలేసుకుని అబద్ధం రాసేవారు, లెక్కలు రానివాళ్ల పిల్లలు నష్టపోయేవారు. ఆర్థికవేత్తలు ఇది లెక్క తేల్చి చూపించాక 2005లో ఆ నగరం పద్ధతి మార్చుకుంది. ఆ శాస్త్రానికి మూలం 1962లో గేల్, షాప్లీ అనే ఇద్దరు గణితవేత్తలు కాలేజీ ప్రవేశాల మీద రాసిన చిన్న వ్యాసం. షాప్లీకి, బోస్టన్ పనిలో ఉన్న ఆల్విన్ రోత్‌కు 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎకనామిక్స్ పాఠాలు ఎవరికి అక్కరకొస్తాయని నన్ను ఎగతాళి చేసిన ఫిజిక్స్ మిత్రుడికి ఈ పేరా అంకితం.

మన కౌన్సెలింగ్ బోస్టన్ పాత పద్ధతి కాదు. ఇక్కడ కంప్యూటర్ మంచి ర్యాంకు నుంచి ఒక్కొక్కరినీ వరుసగా పిలుస్తుంది. మీ పిల్లవాడి వంతు వచ్చినప్పుడు వాడి జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. మొదటి కాలేజీలో వాడి కేటగిరీకి సీటు మిగిలి ఉంటే ఇస్తుంది. లేకుంటే రెండోది, అదీ లేకుంటే మూడోది. వాడి తర్వాతి ర్యాంకువాణ్ని పిలిచేది వాడి పని అయిపోయాకే. పైన ఎంత పెద్ద పేరు రాసినా కింది కాలేజీలో వాడి వంతు అంగుళం కూడా జరగదు. కాబట్టి మొదట రాయాల్సింది వచ్చేదాన్ని కాదు, కావాల్సినదాన్ని. నష్టం వచ్చేది జాబితా పొట్టిగా ఉన్నప్పుడే. మూడు కాలేజీలు రాసి ఊరుకున్నవాడికి ఆ మూడూ నిండిపోతే ఏ సీటూ రాదు.

ఇది చెప్పి ఒప్పించడానికి నాకు పాఠం కన్నా ఎక్కువ సేపు పడుతుంది. తల ఊపుతారు, ఇంటికి పోయి మళ్లీ వచ్చేదే ముందు పెడతారు. నేనిప్పుడు వాదించడం తగ్గించాను. చింతగింజలు తెప్పించి, అరుగు మీద కాలేజీలు గీసి, పిల్లలను ర్యాంకు వరుసలో నిలబెట్టి సీట్లు పంచి చూపిస్తాను. రెండోసారి ఆటకు పెద్దలే గింజలు పంచుతారు.

ఒక్కచోట మాత్రం పెద్దల భయం నూటికి నూరు పాళ్లు సరైంది. మొదటి విడతలో సీటు వచ్చాక రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెడితే, కొత్తది వచ్చిన మరుక్షణం పాతది పోతుంది, తిరిగి అడగడానికి లేదు. అక్కడ చేతిలో ఉన్నదానికన్నా నిజంగా ఎక్కువ ఇష్టమైనవే రాయాలి, ఊరికే చూద్దామని రాయకూడదు. ఇంకోటి, సీటు వచ్చిందన్న మెసేజి చూసి మిఠాయి పంచి ఊరుకుంటారు. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు మీది కాదు.

సరే, కావాల్సినది ముందు రాయాలి. ఎవరికి కావాల్సినది?

నేను పెట్టుకున్న పద్ధతి చెప్తాను, నచ్చనివాళ్లు వదిలేయండి. కాలేజీల పేర్లన్నీ కాగితం మీద రాసి మొదట తల్లిదండ్రుల చేతికి ఎర్ర పెన్ను ఇస్తాను. పంపలేనివి కొట్టేయమంటాను. కారణం బయటికి చెప్పి కొట్టేయాలి. డబ్బు మంచి కారణం. ఇంజినీరింగ్‌లో పదివేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ పిల్లవాడికి సర్కారు పూర్తి ఫీజు కడుతుంది. దాటితే ఏటా 35,000 రూపాయల వరకే, మిగిలింది నాయిన కట్టాలి. హైదరాబాద్‌లో పేరున్న కాలేజీల్లో ఆ మిగిలింది ఏటా లక్షకు అటూ ఇటూ ఉంటుంది. పైగా సర్కారు కట్టే ఆ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందో నమ్మకం లేదు. బకాయిల కోసం 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి. బకాయి రాలేదని సర్టిఫికెట్లు ఆపిన కథలు ఊరికొకటున్నాయి. ఇవన్నీ తండ్రికి తెలుసు, పిల్లవాడికి తెలియవు. అందుకే ఎర్ర పెన్ను తండ్రిది. మిగిలిన పేర్లకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసే పెన్ను పిల్లవాడిది. అప్పుడు పెద్దలు మాట్లాడొద్దు. చుట్టుపక్కల అందరూ కంప్యూటర్సే అంటున్నారని సివిల్ ముందు రాసిన కొడుకు చేయి పట్టుకోవద్దు. పట్టుకుంటారు, నాకు తెలుసు. నేను గొంతు సవరించుకుంటాను.

ఈ ఎర్ర పెన్నుకు ఎక్కువ పని పడేది ఆడపిల్లల జాబితా మీద, అక్కడ కారణం డబ్బు ఒక్కటే కాదు. పోయిన జూన్‌లో మక్తల్ వైపు నుంచి ఒక తల్లి బిడ్డను తీసుకుని వచ్చింది. పిల్లకు కోఠి మహిళా విశ్వవిద్యాలయంలో బీఎస్సీ చదవాలనుంది. 1924 నాటి కాలేజీ అది, 2022లో విశ్వవిద్యాలయమైంది, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దోస్త్‌లోనే ఆప్షన్ పెట్టొచ్చు. తల్లి పెన్ను తీసుకుని ఆ పేరు మీదే మొదటి గీత గీసింది. కారణం చెప్పాలె అక్కా అన్నాను. ఫీజు కాదు. హాస్టల్ కాదు. చానాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంత దూరం పంపినంక దానికి జరమొస్తే నేనెట్ల పోవాలె సారూ, ఆయన పూణేల ఉంటడు" అంది.

ఐలమ్మ పోరాడింది అప్పటి నల్లగొండ జిల్లాలోనే, తన చెలకలో పండిన పంట తనదేనని, అని ఉపన్యాసం ఎత్తుకోబోయాను. కానీ ఆ తల్లి అడిగింది దారి. కాచిగూడ–రాయచూరు రైలు 2023 అక్టోబరు నుంచి మక్తల్ మీదుగా నడుస్తోంది. మక్తల్‌లో ఎక్కితే దేవరకద్ర, మహబూబ్‌నగర్ దాటి కాచిగూడలో దిగడమే, ఎక్కడా మారే పని లేదు. కాచిగూడ నుంచి కోఠికి ఆటో. ఇదే చెప్పాను. పిల్ల ఫోనులో రైలు వేళలు తీసి తల్లికి చూపించింది. తల్లికి చదవరాదు, అంకెలు వచ్చు. వేళలు రెండుసార్లు చూసి, గీసిన గీత పక్కన మళ్లీ అదే పేరు రాయమని పెన్ను బిడ్డ చేతికిచ్చింది. పిల్ల దానికి ఒకటో నంబరు వేసింది. తర్వాత తల్లి నన్ను అడిగిన ప్రశ్న, ఆదివారం కూడా ఆ రైలు ఉంటదా అని.