రాత్రి పంపు ఆపకండి

కైకలూరు, ఆకివీడు వైపు చేపల రైతు తెల్లవారకముందే గట్టు మీదికి వెళ్తాడు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయా అన్నదే అతను చూసేది. పచ్చనీటిలోని నాచు పగలు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక ఆ నాచే చేపలతో పోటీపడి దాన్ని వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే భయం రెట్టింపు. అప్పుడు ఏరేటర్లు తిప్పుతారు. అవి లేనిచోట ఇంజను పెట్టి చెరువు నీళ్లే తోడి మళ్లీ చెరువులో పోస్తారు. 2006లో కొల్లేరు సరస్సు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు గానీ, చుట్టుపక్కల ఊళ్లలో ఈ తెల్లవారుజాము కాపలా మాత్రం ఆగలేదు.

తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో ముందుగదిలో అక్వేరియం పెట్టుకున్నవాళ్లు నేర్చుకోవలసింది ఈ రైతు దగ్గరే. దుకాణంలో గాలి పంపు, బుడగలు వదిలే ఎయిర్ స్టోన్, రంగు లైటు అమ్ముతారు. అవి ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ.

బుడగలోంచి నేరుగా నీటిలో కలిసే ఆక్సిజన్ కొద్దే. అడుగు నీటిని పైకి తెచ్చి, పైనీటిని కదిలించడమే బుడగల అసలు పని. గాలి నీటిలో కలిసేది ఎక్కువగా అక్కడే. కాబట్టి తొట్టె ఎత్తు కన్నా వెడల్పు ముఖ్యం. మెడ దాకా నింపిన గుండ్రటి గాజుగిన్నెలో గోల్డ్‌ఫిష్‌ను పెట్టడం, నన్నడిగితే, శిక్షే.

వేసవి మరో చిక్కు. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 30 డిగ్రీల్లో ఏడున్నరే. వేడికి చేప ఒంటికేమో ఇంకా ఎక్కువ కావాలి. మే నెలలో కరెంటు పోతే చెంబుతో తొట్టె నీళ్లే తీసి జానెడు ఎత్తు నుంచి మెల్లగా పోస్తూ ఉండండి. రైతు ఇంజను చేసేదీ అదే. ఆ పూట మేత వద్దు. మిగిలిన మేత కుళ్లి ఉన్న ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. పంపును నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టుకుంటే, కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు దానిలోకి వెనక్కి రావు.

అన్ని చేపలకూ ఒకే లెక్క కుదరదు. కొల్లేటి కొర్రమీను, ఇంగిలాయి, గొరక పైకొచ్చి గాలి మింగుతాయి కాబట్టే బురదనీటిలోనూ బతుకుతాయి. గొరకకు మొప్పల పైన ఉండే గాలి పీల్చే అవయవం అక్వేరియం చేపలైన బెట్టాకు, గౌరామీకి కూడా ఉంది. బెట్టా అప్పుడప్పుడు పైకొచ్చి గుక్క వేస్తే కంగారక్కర్లేదు; మూతకూ నీటికీ మధ్య కాస్త ఖాళీ ఉంచితే చాలు. గోల్డ్‌ఫిష్ పైనే ఉండి అదేపనిగా నోరు తెరుస్తుంటే మాత్రం వెంటనే చూడాలి. దుకాణాల్లో బెట్టాను చిన్న గ్లాసులో ఉంచుతారు. బతికే ఉంటుంది, అంతే.

ఇక లైటు. మొక్కలు లేని తొట్టెలో అది ఎక్కువగా మన కళ్ల కోసమే. చేపకు పగలూ రాత్రీ తేడా తెలిస్తే చాలు. బెట్టాకూ గోల్డ్‌ఫిష్‌కూ రెప్పలుండవు; రోజంతా దీపం వెలిగితే వాటికి విశ్రాంతి లేదు, మనకు నాచు బెడద. కిటికీ ఎండ తగిలితే నాచుతోపాటు వేడి కూడా. మొక్కలుంటే ఎనిమిది గంటల వెలుతురుతో మొదలుపెట్టవచ్చు. గదిలో దీపం వేశాకే తొట్టెలో లైటు వేయండి. చిమ్మచీకట్లో ఒక్కసారిగా వెలిగితే చేపలు బెదిరి గాజుకు కొట్టుకుంటాయి.

లైటు ఆరాక మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకునేవే. చప్పుడుకు నిద్ర పట్టడం లేదని సరిగ్గా అప్పుడే పంపు ఆపేసేవాళ్లు చాలామంది. ఆపక తప్పదంటే, మొక్కలకు లైటు వెలుగుతున్న పగటిపూట కాసేపు ఆపండి. రాత్రి మాత్రం నడవనివ్వండి.