తాళం ఎవరి చేతిలో ఉంది?

వీడియో ఆటను విమర్శించబూనిన సాహిత్య విద్యార్థి మొదట చూసేది కథ. ఆ తర్వాత ఆటగాడి ముందు ఎన్ని దారులున్నాయో లెక్కపెడతాడు. దారులెక్కువుంటే స్వేచ్ఛ ఎక్కువని తీర్పు చెబుతాడు. ఈ పద్ధతి చాలదని నా అభిప్రాయం. కంపెనీ ముందే వేసిపెట్టిన పది దారుల్లో ఒకటి పట్టుకోవడం ఎంపిక మాత్రమే. పదకొండో దారి తానే వేసుకునే హక్కు ఆటగాడికి ఉందా అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు కథలో దొరకదు. ఆట నడిచే యంత్రం ఎవరి అదుపులో ఉందో చూడాలి.

కన్సోల్ అంటే ప్రధానంగా ఆటల కోసమే తయారుచేసి అమ్మే యంత్రం. 1985లో అమెరికాలో విడుదలైన నింటెండో కన్సోల్‌లో తాళంలాంటి చిప్ ఒకటుండేది. కంపెనీ అనుమతి లేని క్యాట్రిడ్జ్‌ను నడవనివ్వకపోవడమే దాని పని. నాసిరకం ఆటలు వెల్లువెత్తి 1983లో అక్కడి మార్కెట్ కుప్పకూలింది కాబట్టి ఈ కట్టడి అవసరమైందంటారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని నాణ్యత పేరుతో వచ్చిన తాళం, ఎవరు ఆట తయారుచెయ్యాలో, ఏడాదికి ఎన్ని చెయ్యాలో శాసించే అధికారమైంది. 2006లో వచ్చిన సోనీ ప్లేస్టేషన్ 3లో లినక్స్ వేసుకునే వీలుండేది. 2010 ఏప్రిల్‌లో ఒక అప్‌డేట్‌తో కంపెనీ దాన్ని తీసేసింది. అప్‌డేట్ వద్దన్నవాళ్లకు ఆన్‌లైన్ ఆట బందయింది. మనం కొనుక్కున్న పుస్తకంలోంచి ప్రచురణకర్త వచ్చి ఒక అధ్యాయం చింపుకుపోతే ఊరుకుంటామా?

కంప్యూటర్ చరిత్ర వేరు. 1993లో వచ్చిన డూమ్ ఆటలో బొమ్మలూ, శబ్దాలూ, పటాలూ ఆటను నడిపే ప్రోగ్రాం నుంచి విడిగా ఉండేవి. అందువల్ల ఆడేవాళ్లే కొత్త అంకాలు తయారుచేసి పంచుకున్నారు. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు హాఫ్-లైఫ్ ఆటను మార్చి కౌంటర్-స్ట్రైక్ చేశారు. పాఠకుడు రచయిత కావడమంటే ఇదే.

అంతమాత్రాన కంప్యూటర్‌ను విముక్త ప్రాంతమని కీర్తించనక్కర్లేదు. తెరిచిన తలుపులోంచి పెట్టుబడి కూడా వస్తుంది. కౌంటర్-స్ట్రైక్‌ను 2000లో వాల్వ్ కంపెనీ కొనేసి, ఆ ఇద్దరికీ ఉద్యోగాలిచ్చింది. అందరికీ అంత దక్కలేదు. ఆడేవాళ్లు చేసే మార్పులూ చేర్పులనే మాడ్‌లంటారు. 2015లో స్కైరిమ్ ఆట మాడ్‌లను అమ్మకానికి పెట్టినప్పుడు, తయారుచేసినవాళ్లకు నూటికి 25 రాసిపెట్టి, మిగతా 75 వాల్వ్, బెథెస్డా కంపెనీలు పంచుకున్నాయి. నిరసన లేచాక కొద్దిరోజుల్లోనే ఆ ఏర్పాటు రద్దయింది. డోటా ఆట వార్‌క్రాఫ్ట్ 3 ఆటగాళ్ల చేతుల్లో పుట్టింది. 2020లో బ్లిజార్డ్ కంపెనీ, ఆ ఆటలో ఎవరు ఏ కొత్త ఆట తయారుచేసినా అది తన ఆస్తేనని నిబంధన రాసుకుంది.

కన్సోల్‌లో యజమాని అనుమతి లేనిదే పొలంలో అడుగుపెట్టలేం. కంప్యూటర్‌లో దున్నుకోనిస్తారు, పంట కల్లానికి చేరాక భూస్వామి వస్తాడు. ఈ తేడా చిన్నదని నేననను. దున్నడం తెలిసినవాడే పంట నాదని అడగగలడు. అందుకే తెరిచి ఉన్న యంత్రం వైపే నేను నిలబడతాను. కాని పోరాటం అక్కడితో ముగిసిందనుకోను.

రేపు ఆటల మీద విమర్శ రాసేవాళ్లు, మనం చదవకుండానే ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కేసే నిబంధనల పత్రాన్ని కూడా రచనలో భాగంగానే చదవాలి. వస్తువునూ శిల్పాన్నీ పరిశీలించి ఆస్తి సంబంధాన్ని వదిలేస్తే ఆ విమర్శ సగమే.