సంతలో మొదలయ్యే భూగోళశాస్త్రం

మనుషులు ఎక్కడ స్థిరపడ్డారు, ఏం పండిస్తున్నారు, పని కోసం ఎటు వలసపోతున్నారు, ఎందుకు? మానవ భూగోళశాస్త్రం అడిగేవి ఈ ప్రశ్నలే. కొత్తగా నేర్చుకునేవాళ్లు నిర్వచనాలు బట్టీపట్టడంతో మొదలుపెడితే నెలలోనే విసుగొస్తుంది. వారపు సంతతో మొదలుపెట్టడం మేలు.

ఓ నోటు పుస్తకం పట్టుకుని వెళ్లండి. ఆకుకూరలమ్మే ఆమెను "ఏ ఊరమ్మా మీది?" అంటే పక్క ఊరి పేరు చెబుతుంది. గాజులు, స్టీలు సామాన్లు అమ్మేవాళ్లు సంత తర్వాత సంత తిరుగుతూ దూరం నుంచి వస్తారు. కొనేవాళ్లనూ అడగండి. తోటకూర కోసం ఎవరూ బస్సెక్కరు, ఎడ్ల జత కోసమైతే మండలాలు దాటి వస్తారు. ఆ ఊళ్లన్నీ కాగితం మీద గుర్తించి ఒక్కోదాని నుంచి సంతకు గీత గీస్తే, ఏ సరుకు ఎంత దూరం నుంచి జనాన్ని రప్పిస్తోందో తెలిసిపోతుంది. జర్మన్ భూగోళవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో ప్రతిపాదించిన కేంద్రస్థాన సిద్ధాంతానికి పునాది ఇదే. ఒక సరుకు కోసం జనం ఎంత దూరం వస్తారు, ఎంతమంది కొంటే ఆ అంగడి నిలబడుతుంది? చిన్న ఊళ్లు ఎక్కువగా, పట్నాలు తక్కువగా ఎందుకుంటాయో ఆయన ఈ రెండు ప్రశ్నలతో వివరించాడు. ఆయన లెక్క చదునైన మైదానానికి వేసింది. వాగో గుట్టో అడ్డొచ్చి మీ ఊరి లెక్క తప్పితే, ఎందుకు తప్పిందో వెతకడమే అసలు చదువు.

ఆ తర్వాత పటం. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 షీటులో 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. చెరువు, కట్ట, బండిబాట, గుడి అన్నీ అందులో ఉంటాయి. దాన్ని చేతబట్టుకుని ఊరంతా నడవాలి. ఊరు చెరువుకు ఏ పక్కనుంది? ఆయకట్టు ఎటు? రోడ్డు పడ్డాక కొత్త ఇళ్లు ఎటు జరిగాయి? షీటు పాతదైతే మరీ మంచిది, పూడిపోయిన కుంటలు కూడా దొరుకుతాయి. 2011 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో మీ ఊరి జనాభా, సాగునీటి వివరాలు చూసి నడకలో రాసుకున్నవాటితో పోల్చుకోండి.

సిద్ధాంతాలు అప్పుడు చదివితే ఒంటబడతాయి. ప్రకృతి అవకాశాలిస్తుంది, ఎంచుకునేది మనిషి అన్నది ఫ్రెంచ్ భూగోళవేత్త విదాల్ ద లా బ్లాష్ ఆలోచనకు సారం. మన దగ్గర దీనికి కృష్ణా తీరాన్ని మించిన ఉదాహరణ లేదు. నది పక్కనే పారుతున్నా 1832–33లో గుంటూరు సీమ డొక్కల కరువుకు బలైంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక అదే నది డెల్టాను వరి పొలాలతో నింపింది. నది మారలేదు, దాన్ని వాడుకునే ఏర్పాటు మారింది. ఆ ఏర్పాటు ఎవరి చేతిలో ఉంది, కాలువ చివరి పొలానికి నీళ్లెందుకు ఆలస్యమవుతాయి అని అడగని భూగోళశాస్త్రం నా దృష్టిలో సగం చదువే.

మీ పిల్లలు పోటీ పరీక్షల కోసం ఈ సబ్జెక్టు చదువుతుంటే, గైడు కొనిచ్చే ముందు ఒకసారి సంతకు పంపండి.