బేతాళుని ప్రశ్న

పాత దయ్యాల ధారావాహికల పేరెత్తితే ధర్మవరంలో నా తరంవారి ముఖాలు వెలుగుతాయి. దీనిని మూఢనమ్మకమని కొట్టివేయడం తేలిక. కాని అది విమర్శ కాదు. వారు తలచుకునేది దయ్యాన్ని కాదు, ఒకే టీవీ ముందు వీధి వీధంతా చేరిన సాయంత్రాన్ని.

అయినా ఆ కథలన్నీ ఒకటి కావు. నేను పుట్టకముందు, 1985లో, దూరదర్శన్ హిందీలో ప్రసారం చేసిన 'విక్రమ్ ఔర్ బేతాళ్'లో బేతాళుడు కథ చెప్పి, న్యాయాన్యాయాల మీద ప్రశ్న వేసేవాడు. అక్కడ భయం ఆలోచనకు వాకిలి. 1990ల చివర ఈటీవీలో మేము గుడ్లప్పగించి చూచిన 'అన్వేషిత' నాటికి మా ప్రశ్న ఒక్కటే: తరువాత ఏమౌతుంది? ప్రకటనల నడుమ ఉత్కంఠ సరుకయింది.

ఆ 1985లోనే చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ చట్టమూ వచ్చింది. అయినా మా పట్టునేతగాణ్ణి మరమగ్గం, అప్పు వెంటాడుతూనే ఉన్నాయి. దయ్యం భయం ఆ పూటతో తీరేది; అప్పు భయం తెల్లవారి మగ్గం గుంతలో కూర్చునేది. దానికి తెరమీద అంత చోటు దొరకలేదు.

విక్రమార్కుడు శవాన్ని మోసింది తననే బలియివ్వదలచిన మాంత్రికుని కోసం. ఆ గుట్టు విప్పింది బేతాళుడే. మన జ్ఞాపకాలలో నిలుపుకోవలసింది ఆ బేతాళుణ్ణి: మోస్తున్నది ఎవరి కోసమని అడిగేవాణ్ణి.