పొగగొట్టాల్లో పోతున్న చల్లదనం

విశాఖ రేవుకొచ్చే పెద్ద ఓడల్లోని డీజిల్ ఇంజన్లు తాగిన నూనెలో దాదాపు సగమే ప్రొపెల్లర్‌ను తిప్పడానికి పనికొస్తుంది. మిగతాది పొగలోకీ, ఇంజన్‌ను చల్లబరిచే నీటిలోకీ వేడిగా పోతుంది. నడిసముద్రంలో కరెంటు తీగ లేదు, మంచినీళ్ల ట్యాంకరు రాదు. అందుకే ఓడవాళ్లు ఆ వేడిని దశాబ్దాలుగా ఒడిసిపడుతున్నారు. పొగ దారిలో బాయిలర్ పెట్టి తీసిన ఆవిరితో చిక్కటి ఫర్నేస్ ఆయిల్‌ను పల్చబరుస్తారు, గదులను వెచ్చబరుస్తారు. ఇంజన్‌లో తిరిగి 80 డిగ్రీలకు కాగిన నీటితో సముద్రపు నీటిని మరిగించి మంచినీరు చేస్తారు. గాలి లాగేసిన పాత్రలో ఉప్పునీరు 40, 50 డిగ్రీలకే మరుగుతుంది మరి.

షాద్‌నగర్‌కు సముద్రం లేదు గానీ వేడికి కొదవ లేదు. కొత్తూరు వైపు ఇనుప మిల్లుల కొలిముల పొగ వందల డిగ్రీల వేడితో ఆకాశంలో కలుస్తోంది. ఇదే ప్రాంతంలో కోళ్ల పరిశ్రమకు గుడ్లు నిలవచేసే చల్లటి గదులు కావాలి, మందుల ఫ్యాక్టరీలకు చల్లటి నీళ్లు కావాలి. వేడితోనే చల్లదనం పుట్టించే యంత్రాలున్నాయి. వాటిలో లిథియం బ్రోమైడ్ ద్రావణం నీటి ఆవిరిని పీల్చుకుంటుంది. ఆ పీల్పుకు పక్క అరలో నీరు 5 డిగ్రీల దగ్గరే ఆవిరై చుట్టూ ఉన్న వేడిని లాగేస్తుంది. ద్రావణంలోని నీటిని మళ్లీ విడగొట్టడానికి 90 డిగ్రీల వేడినీళ్లు చాలు. వేడితో కరెంటూ తీయొచ్చు. నల్గొండ జిల్లా విష్ణుపురం సిమెంటు ఫ్యాక్టరీలో జపాన్ సాయంతో పొగ వేడి నుంచి 7.7 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. అంతటి కర్మాగారానికి కరెంటు దారి సరే. చిన్న మిల్లుకు మాత్రం టర్బైన్ ఖర్చు గిట్టదు, వేడిని వేడిగానో చల్లగానో వాడుకోవడమే నయం.

ఒక యూనిట్ వేడికి ఈ యంత్రం ఇచ్చే చల్లదనం 0.7 యూనిట్లే, కంప్రెసర్ ఒక యూనిట్ కరెంటుకు నాలుగైదు యూనిట్లు ఇస్తుందంటారు. నిజమే, కానీ కరెంటును కొంటున్నాం, వేడిని పారబోస్తున్నాం. పొగను మరీ చల్లబరిస్తే గంధకం ఆమ్లమై గొట్టాలను తినేస్తుందన్నదీ నిజమే. ఆ హద్దుకు పైనే ఆగాలి, ఓడల్లోనూ అంతే. గట్టి అభ్యంతరం నీళ్లది. ఓడకు చుట్టూ సముద్రముంది. ఈ యంత్రానికి కూలింగ్ టవర్ నీళ్లు కంప్రెసర్ కన్నా ఎక్కువ కావాలి, మన షాద్‌నగర్ వైపు బోర్లు ఎండుతాయి. కాబట్టి శుద్ధిచేసిన మురుగునీరు దొరికేచోటే చల్లదనం సంగతి ఆలోచించాలి. దొరకనిచోట ఆ వేడితో బాయిలర్ నీళ్లు కాచుకున్నా బొగ్గు మిగులుతుంది.

వేడిని దూరం మోయలేం. పారిశ్రామికవాడల్లో స్థలాలు కేటాయించే అధికారులు కొలిమి పక్కన ఎవరికి చోటివ్వాలో ముందే ఆలోచించాలి. మిల్లు యజమానులు కొత్త కంప్రెసర్‌కు ఆర్డరిచ్చే ముందు తమ పొగగొట్టం వేడిని ఒక్కసారి కొలిపించాలి.