మీటల్లేని మిషను

చాగలమర్రిలో మాకు తెలిసిన ఎరువుల అంగట్లో ఈ వారం కార్డు గీకే మిషను కొత్తది పెట్టారు. మీటల్లేవు, అంతా అద్దమే. పాతదాంట్లో అయిదు మీద చిన్న బొడిపె ఉండేది. అది దొరికితే చుట్టూ ఉన్న అంకెలన్నీ చూడకుండానే దొరికేవి. చూపు లేనాయన వస్తే ఎట్లప్పా అని అడిగితే, "పిన్ను చెప్తే నేనే కొడతా గదా సార్" అన్నాడు అంగట్లో పిల్లోడు.  

అదే ఓటింగ్ మిషను సంగతి చూడండి. దాని మీద బ్రెయిలీ అంకెలను ఎన్నికల సంఘం తొలిసారి పరీక్షించింది 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఆసిఫ్‌నగర్ ఉపఎన్నికలో. ఓటరు లోపలికి పోయేముందు బ్రెయిలీలో అచ్చైన నమూనా బ్యాలెట్ చేతికిస్తారు. తనక్కావలసిన అభ్యర్థి వరుస సంఖ్య వేళ్లతో చదువుకుంటాడు. నీలి మీటల పక్కన 1 నుంచి 16 దాకా ఉన్న చుక్కల్లో ఆ సంఖ్యను తడిమి, మీట నొక్కుతాడు. ఎవరికేశాడో తోడొచ్చిన బావమరిదికి కూడా తెలియదు. నాకు బాగా నచ్చింది వాళ్లు తొందరపడకపోవడం. 2005లో బిహార్, జార్ఖండ్, హర్యానాల్లో ఒక్కో నియోజకవర్గం, మరుసటేడు ఇంకొన్ని రాష్ట్రాలు, 2009 లోక్‌సభ ఎన్నికలకు దేశమంతా. తమాషా ఏమంటే, ఆ 2009కే పునర్విభజనలో ఆసిఫ్‌నగర్ నియోజకవర్గం లేకుండా పోయింది.

కార్డు మిషన్లు చేసేవాళ్లూ ఇదే దారి పట్టాలని రాసి, మా పెదనాయనకు చదివి వినిపించాను. అరవై దాటాక షుగరుతో చూపు పోయిందాయనకు.

"ఆ సుక్కలు నాకేం తెలుసురా? చెమటకాయల మాదిరి తగుల్తాయి, అంతే" అన్నాడు. ఆయనకు ఫోను అద్దమే ఇష్టం. వేలు పెడితే ఏముందో పలుకుతుంది, రెండుమార్లు తడితే పనైపోతుంది.

"మరి పిన్ను?"

"పిన్ను సంగతి తర్వాత. వాడు నాలుగు వందల యాభై కొట్నాడో, నాలుగు వేల అయిదు వందలు కొట్నాడో నాకెట్లా తెలిసేది?"

నేను వెనకేసుకొచ్చిన పాత మిషనూ ఆ ముక్క ఏనాడూ చెప్పలేదు. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేవైసీలో కెమెరా ముందు కళ్లార్పలేనివాళ్లకు వేరే దారి చూపమంది. మంచి తీర్పే. కానీ పెదనాయన అడిగిన ప్రశ్న కోర్టుల్లో పుట్టేది కాదు, అంగడి కౌంటరు దగ్గర పుట్టేది.

ఆ కౌంటరు మీదే ఇంకో పెట్టె ఉంది. ఎవరైనా స్కాన్ చేసి డబ్బేస్తే ఎంత పడిందో వీధి చివరిదాకా వినబడేట్టు తెలుగులో అరుస్తుంది. అదైనా అంగడాయన కోసం, అదీ డబ్బు పడ్డాక. పిన్ను కొట్టకముందే ఎంతో ఇచ్చేవాడికి చెప్పమని మాత్రం దానికెవరూ నేర్పలేదు.